ఎండాకాలమంతా నిద్రపోయే అడవినాభి

జనవరి దాటాక మా డాబా మీదికి ఎవరు వచ్చినా అడిగే మాట ఒకటే. "ఈ కుండీలన్నీ ఖాళీగా ఎందుకు ఉంచారండీ? నాలుగు టమాటా మొక్కలైనా పెట్టుకోవచ్చుగా?" నీళ్ల ట్యాంకు పక్కన, గోడ వారగా ఆరు కుండీలుంటాయి. లోపల ఎండి నెర్రెలు విచ్చిన ఎర్రమట్టి, పైన బోర్లించిన పాత గంప, గంప మీద ఇటుక. ప్రతి కుండీ మీదా తెల్ల రంగుతో నా చేత్తో నేనే రాసిన రెండు మాటలు: "నీళ్లు పోయవద్దు."

ఆ రాత వెనక ఒక కథ ఉంది. మా అత్తయ్య ఒక వేసవిలో మల్కాజిగిరిలోని మా ఇంటికి వచ్చి మూడు నెలలు ఉన్నారు. ఎండకు మట్టి అల్లాడిపోతోందని జాలిపడి రోజూ పొద్దున్నే చెంబెడు నీళ్లు పోశారు. నాకు తెలియదు. జూన్‌లో తవ్వి చూస్తే నాలుగు గడ్డలు ఉండాల్సిన చోట నాలుగు నల్లటి, జిగట ముద్దలు. ఆవిడను ఒక్క మాట అనలేదు. మొక్కకు నీళ్లు పోయడం పుణ్యమని నమ్మిన తరం. కానీ ఈ మొక్క దగ్గర మాత్రం ఆ పుణ్యం పనిచేయదు. అడవినాభి అనే ఈ పూలతీగను పెంచడంలో సగం విద్య దాని జోలికి వెళ్లకుండా ఉండటమే. మిగతా సగాన్ని ఇక్కడ చెబుతాను.

నేను మొక్కల శాస్త్రం చదివిన మనిషిని కాదు. 31 ఏళ్లు ఆసుపత్రిలో మందుల కౌంటర్ వెనక నిలబడి చీటీలు చదివాను. అందుకే నా చెప్పడంలో గ్రాములు, మిల్లీలీటర్లు, జాగ్రత్తలు కాస్త ఎక్కువగా కనిపిస్తాయి. భరించండి.

దీన్ని నేను మొదట చూసింది అనంతగిరి కొండల్లో. హైదరాబాద్ నుంచి వికారాబాద్ మీదుగా 80 కిలోమీటర్లు ఉంటుంది. మూసీ పుట్టేది ఆ కొండల్లోనే. శ్రావణమాసంలో అనంత పద్మనాభస్వామి దర్శనానికి వెళ్లి తిరిగి వస్తుంటే, దారి పక్క పొదల మీద మంటలు అంటుకున్నట్టు పూలు. కింద పసుపు, పైన ఎరుపు, రేకులన్నీ వెనక్కి విరుచుకుని ఆకాశంలోకి ఎగబాకుతున్నట్టు ఉన్నాయి. కారు ఆపించి దగ్గరికి వెళ్లి చేయి చాచాను. మొక్కజొన్న కంకులు కాలుస్తున్న ఒక పెద్దావిడ అక్కడి నుంచే కేకేసింది. "పట్టుకోకమ్మా, అది నాభి!" మన వాళ్లకు నాభి అంటే విషం. హిమాలయాల్లో దొరికే వసనాభి లాంటిది, అడవిలో దొరికేది కాబట్టి అడవినాభి అయింది. ఆ ఒక్క పేరులోనే హెచ్చరిక మొత్తం ఉంది. సంస్కృతంలో లాంగలి అంటారు, లాంగలం అంటే నాగలి. ఎందుకో గడ్డను చూస్తే తెలుస్తుంది. అగ్నిశిఖ అనే పేరు పువ్వును చూసి పెట్టింది. శాస్త్రీయనామం గ్లోరియోసా సుపర్బా, 1753లో లిన్నేయస్ పెట్టాడు. తమిళులకు ఇది కాంతళ్, వాళ్ల రాష్ట్ర పుష్పం. ప్రాచీన తమిళ సంగం కవులు కురింజి అనే కొండ సీమను వర్ణించేటప్పుడు ఈ పువ్వును మళ్లీ మళ్లీ తలుచుకున్నారు. అటు ఆఫ్రికాలో జింబాబ్వేకు జాతీయ పుష్పం. ఇంత పేరున్న పువ్వు మన గుట్టల మీద దానంతట అదే పూస్తుంటే, మన ఇళ్లలో మాత్రం ఒక్క కుండీలోనూ కనిపించదు.

అడవిలో కనిపించింది కదా అని గడ్డను పెకలించుకుని రావద్దు. అభయారణ్యాల్లో నుంచి మొక్కను తేవడం చట్టరీత్యా నేరం, అది ఒక కారణం. అసలు కారణం వేరే ఉంది. మందు కోసం ఈ గడ్డల్ని ఏళ్ల తరబడి తవ్వేశారు. చాలా చోట్ల పలచబడిపోయింది. పైగా రాళ్ల సందుల్లో అడుగు లోతున ఉండే గడ్డ విరగకుండా బయటికి రావడం కల్ల. మీరు తెచ్చుకునేది చచ్చిన గడ్డే అవుతుంది, అక్కడి పొద బోడిదవుతుంది. తమిళనాడులో ఒడ్డన్‌ఛత్రం, ధారాపురం వైపు రైతులు దీన్ని గింజల కోసం పొలాల్లో పందిళ్లు కట్టి పండిస్తారు. అందువల్ల సాగు గడ్డలు దొరుకుతాయి. నెక్లెస్ రోడ్డులో నర్సరీ మేళా జరిగినప్పుడు ఔషధ మొక్కలు, దుంప జాతులు అమ్మేవారిని అడగండి. "అడవినాభి" అంటే తెల్లముఖం వేస్తే "గ్లోరియోసా" అనండి, వెంటనే తీస్తారు.

కొనేటప్పుడు డబ్బులిచ్చే ముందు గడ్డను అరచేతిలో పెట్టుకుని చూడాలి. నేను మొదటిసారి ఇది తెలియక మోసపోయాను. మూడు గడ్డలు కొన్నాను, చూడటానికి బలంగా, నున్నగా ఉన్నాయి. ఒక్కటీ మొలవలేదు. గడ్డ పంగలకర్రలా రెండు చేతులతో ఉంటుంది, లేదా ఒక చేయి పొడుగ్గా, ఒకటి పొట్టిగా నాగలిలా వంగి ఉంటుంది. పైన పలచటి గోధుమరంగు పొర. ఆ చేతి చిట్టచివర, కాస్త కింది వైపుకు, గోధుమ గింజంత లేత మొన ఉంటుంది. ప్రాణమంతా అందులోనే. బంగాళాదుంపకు ఒంటినిండా కళ్లుంటాయి, ఒకటి పోతే ఇంకొకటి మొలుస్తుంది. దీనికి చేతికి ఒక్కటే కన్ను. అది విరిగితే ఆ చేయి చచ్చిన దానితో సమానం. నాకు అమ్మినాయన ఆ గడ్డల్ని సంచిలో కుమ్మరించి, కుదిపి, తూచి ఇచ్చాడు. మొనలన్నీ ఆ సంచి అడుగునే రాలిపోయి ఉంటాయి.

కాబట్టి మొన చెక్కుచెదరకుండా ఉండాలి. నొక్కితే గట్టిగా ఉండాలి, మెత్తటి మచ్చలు ఉండకూడదు. బరువు కూడా చూడండి. 50 గ్రాములకు అటూ ఇటూ ఉన్న గడ్డ మొదటి ఏడే పూస్తుంది. చిటికెనవేలంత గడ్డలు చవకగా వస్తాయి, కానీ ఒకటి రెండేళ్లు ఉత్త తీగే చూడాల్సి వస్తుంది. రెండు చేతులు కలిసే మోచేతి దగ్గర విరిగినా కంగారు పడవద్దు. ఏ చేతి మొన ఆ చేతికి ఉంది కాబట్టి రెండూ రెండు మొక్కలవుతాయి. తెగిన చోట పసుపు అద్ది, రెండు రోజులు నీడలో ఆరబెట్టి నాటండి. ఈ పనులన్నీ చేతికి తొడుగు వేసుకునే చేయాలి, ఎందుకో తర్వాత చెబుతాను.

కుండీ లోతుగా ఉండాలి, 12 అంగుళాలకు తగ్గకూడదు. మట్టి కుండీ అయితే మేలు, తడి తొందరగా ఆరుతుంది. మన చుట్టుపక్కల దొరికే ఎర్రమట్టి దీనికి పుట్టినిల్లు లాంటిది. కానీ సంచుల్లో అమ్మే ఎర్రమట్టి కుండీలో పోశాక రెండు వానలకే బిగుసుకుని ఇటుకవుతుంది. అందుకని రెండు పాళ్ల ఎర్రమట్టికి ఒక పాలు దొడ్డు ఇసుక, ఒక పాలు బాగా చివికిన ఆకు ఎరువు కలుపుతాను. కుండీకి రెండు గుప్పెళ్ల వేపపిండి. కొబ్బరి పీచు పొడి ఒకసారి వాడి మానేశాను, వానాకాలంలో అది నీటిని పట్టుకుని వదలదు. కలిపిన మట్టిని పిడికిట బిగించి వదిలితే ముద్దగా నిలవకుండా విరిగిపోవాలి. విరగకపోతే ఇంకాస్త ఇసుక వేయండి.

నాటడానికి నేను పంచాంగం చూసుకుంటాను. మూఢనమ్మకం కాదు, కార్తెలు వాన లెక్కలే. జూన్ 7, 8 తేదీల్లో మృగశిర వస్తుంది. మిగతా హైదరాబాద్ చేపల బజారులో ఉంటే నేను డాబా మీద గంపలు తీస్తుంటాను. తొలకరి రెండు గట్టి వానలు పడేదాకా ఆగి, ఆరుద్ర లోపల నాటేస్తాను. గడ్డను నిలువుగా గుచ్చకూడదు. మట్టిలో మూడు వేళ్ల లోతున, మంచం మీద పడుకోబెట్టినట్టు అడ్డంగా పెట్టాలి. మొనలు కుండీ అంచుకు తగలకుండా నాలుగు అంగుళాలైనా ఎడం ఉండాలి. పైన మట్టి వదులుగా కప్పి, చేత్తో అదమకుండా వదిలేయాలి. నాటిన రోజు ఒక లీటరు నీళ్లు. ఆ తర్వాత మొలక కనిపించేదాకా మట్టి పైపొర ఆరితేనే కాసిని.

రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఈ రోజుల్లోనే చాలామంది ఓపిక పోగొట్టుకుంటారు. మా వారు రోజూ సాయంత్రం డాబా ఎక్కి, "నీ విషకన్య లేచిందా?" అని అడుగుతుంటారు. వేలు పెట్టి తవ్వి చూడాలనిపిస్తుంది. చూడకండి. మట్టి కింద ఉన్న మొలక మీ వేలు తగిలితే పుటుక్కున విరుగుతుంది, ఇక ఆ చేయి ఆ ఏడుకు లేనట్టే.

మొలక బయటికి వచ్చినప్పుడు సూదిలా, లేత ఆకుపచ్చగా, నున్నగా ఉంటుంది. వారంలో జానెడు, రెండు వారాల్లో మూరెడు. ఇక్కడ ఊతం సంగతి చెప్పాలి, ఎందుకంటే దీనికి తీగ చుట్టుకునే అలవాటు లేదు. కాకర, చిక్కుడు తీగలకు పట్టుకోవడానికి వేరే నులితీగలు ఉంటాయి, లేదా కాండమే మెలిక తిరుగుతుంది. దీని పద్ధతి వేరు. ప్రతి ఆకు చివరా సన్నగా సాగి, స్ప్రింగులా చుట్ట తిరుగుతుంది. ఆకు కొసతోనే పట్టుకుని పాకుతుంది. భూతద్దం పెట్టి చూడండి, చిన్న పిల్లాడు చీర కొంగు పట్టుకున్నట్టు ఉంటుంది. కానీ ఆ కొస ఎంతది? సన్నటి పుల్లను మాత్రమే పట్టగలదు. తీగ మొలిచిన మొదటి ఏడు నేను బొటనవేలంత లావు వెదురు కర్ర పాతాను. పాపం ఆకు కొసలు దాని చుట్టూ తిరగలేక గాలిలో తడుముకుంటూ ఉండిపోయాయి, ఒక గాలివానకు తీగ మొదట్లోనే విరిగింది.

ఇప్పుడు కంది కంప వాడుతున్నాను. తాండూరు కందిపప్పుకు 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది కదా, ఆ చేలలో పప్పు పోగా మిగిలిన కట్టెకు నేను ఇచ్చే గుర్తింపు ఇది. చెల్లెలి అత్తవారిది ఆ వైపే, వస్తూ పోతూ ఒక మోపు తెచ్చి పడేస్తుంది. కంది కట్టెకు పెన్సిలు కంటే సన్నటి కొమ్మలు బోలెడు ఉంటాయి. అడవినాభి ఆకులకు అవి సరిగ్గా సరిపోతాయి. ఎండిన తంగేడు కొమ్మలైనా, మందార కత్తిరింపులైనా ఫరవాలేదు. ఏదీ దొరకకపోతే కొబ్బరి ఈనెలు గుత్తిగా పాతండి. గడ్డ నాటిన రోజే కంపను కూడా గుచ్చేయాలి. తర్వాత గుచ్చితే మట్టిలో గడ్డకు తగులుతుంది. ఎత్తు నాలుగు నుంచి ఆరు అడుగులు. తీగను మీ చేత్తో కంపకు ఎక్కించే ప్రయత్నం చేయవద్దు, దారంతో కట్టవద్దు. కాండం గాజులాంటిది. దాని దారి అది వెతుక్కుంటుంది.

ఎండ ఎంత అని అడుగుతారు. కొండ మీద అది ఎక్కడ ఉందో గుర్తు చేసుకుంటే చాలు. అడుగు పొద నీడలో, తల ఎండలో. కుండీలు పిట్టగోడ వారగా పెడితే మొదలుకు గోడ నీడ, తీగకు ఎండ దొరుకుతాయి. మొదట్లో ఎండిన వేపాకులు పరుస్తాను. ఎరువు విషయంలో నాకు పిసినారితనం మంచిదనిపిస్తుంది. మొలక జానెడు ఎదిగాక ఒకసారి గుప్పెడు వర్మీకంపోస్టు, మొగ్గలు కనిపించే ముందు చెంచాడు కట్టెల బూడిద, అంతే. యూరియా చల్లిన స్నేహితురాలి ఇంట్లో తీగ గొప్పగా పెరిగింది, ఆకులు అరచేయంత అయ్యాయి, పువ్వు ఒక్కటీ రాలేదు.

వానాకాలంలో నీళ్లు పోయడం కంటే నీళ్లు పోయేలా చూడటమే పని. 2020 అక్టోబరు 13, 14 తేదీల్లో కురిసిన వాన హైదరాబాద్‌లో ఎవరూ మరిచిపోరు. కాలనీలు మునిగిపోయిన ఆ రాత్రి నా కుండీల గురించి ఆలోచించే తీరిక ఎక్కడిది? మూడు రోజుల తర్వాత చూస్తే కుండీల కింద పెట్టిన పళ్లేలు నిండుగా ఉన్నాయి, కుండీలు వాటిలో మునిగి కూర్చున్నాయి. డాబా మురికి కాకుండా ఉండాలని నేనే పెట్టిన పళ్లేలు. ఆ ఏడు కొత్తగా ఊరిన గడ్డల్లో సగానికి సగం కుళ్లిపోయాయి. అప్పటి నుంచి కుండీలు రెండేసి ఇటుకల మీద నిలబడుతున్నాయి, పళ్లేలు మా వారి పావురాల నీళ్లకు వెళ్లాయి. వాన లేని వారంలో మాత్రం వేలు రెండు కణుపుల లోతు దించి చూసి, పొడిగా ఉంటే పోయండి. పొద్దున పూట, మొదట్లో, ఆకుల మీద పడకుండా.

పురుగు ఒక్కటే ఉంది, దాన్ని చూస్తే మాత్రం గుండె జారుతుంది. నల్లటి ఒంటి మీద తెల్ల చుక్కలు, ఎర్ర మచ్చలు వేసుకుని పెళ్లి చీర కట్టినట్టు ఉండే గొంగళిపురుగు. లిల్లీ జాతుల మీదే బతుకుతుంది. మనిషిని చంపే ఆకును చక్కగా నమిలి హరాయించుకుంటుంది. గుంపుగా వస్తే రెండు రాత్రుల్లో తీగ మొత్తం ఈనెలే మిగులుతాయి. జులై మధ్య నుంచి రోజూ ఉదయం ఆకుల అడుగు వైపు చూడండి. పాత చెంచాతో గీరి సబ్బునీళ్ల డబ్బాలో వేయండి. ఆ చెంచా వంటింటికి తిరిగి వెళ్లకూడదు. లీటరు నీళ్లలో 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త కుంకుడు రసం కలిపి వారానికోసారి చల్లితే గుడ్లు పెట్టడం తగ్గుతుంది. నా అనుభవంలో చెంచాయే నమ్మకమైనది.

ఇన్నీ దాటితే ఆగస్టు చివర్లో, వినాయక చవితికి అటూ ఇటూగా మొదటి మొగ్గ. పొడుగాటి తొడిమకు తల వేలాడేసుకుని, ఆకుపచ్చగా, ముడిచిన గొడుగులా ఉంటుంది. తెల్లవారి చూస్తే ఆరు రేకులు విడిపోయి ఉంటాయి. ఇంకా లేత పసుపే, ఆకుపచ్చ నీడ పూర్తిగా పోలేదు. అంచులు జంతికల గొట్టంలో నుంచి వచ్చినట్టు అలలు తిరిగి ఉంటాయి. రెండో రోజుకు రేకులు పైకి మడుచుకుంటాయి, కొసల్లో నారింజ రంగు మొదలవుతుంది. నాలుగో రోజుకు పై సగం ఎర్రగా, అడుగు పసుపుగా నిజంగానే దీపశిఖ. వారం గడిచేసరికి అడుగు దాకా కుంకుమ రంగు పాకుతుంది. ఒకే తీగ మీద ఈ రంగులన్నీ ఒకేసారి ఉంటాయి, ఎందుకంటే మొగ్గలు కింది నుంచి ఒక్కొక్కటిగా విచ్చుకుంటాయి. చూసిన వాళ్లు రెండు మూడు రకాల మొక్కలు కలిపి నాటారా అంటారు.

కాసేపు దాని ముందు కూర్చుంటే ఇంకో వింత కనిపిస్తుంది. ఆరు కేసరాలు గొడుగు పుల్లల్లా చుట్టూ చాచుకుని ఉంటాయి. మధ్యలో నుంచి కిందికి దిగాల్సిన కీలం, అంటే పుప్పొడిని అందుకునే కాడ, మాత్రం మొదట్లోనే మోచేయి మడిచినట్టు పక్కకు తిరిగిపోయి ఉంటుంది. తన పుప్పొడి తన మీద పడకుండా ముఖం తిప్పుకుందన్నమాట. సీతాకోకచిలుకలు, తేనెపిట్టలు వస్తే పని జరుగుతుంది. మూడంతస్తుల మీద అవి తక్కువ కాబట్టి, గింజ కావాలంటే మనమే సన్నటి కుంచెతో పుప్పొడి తీసి, వేరే మొక్క పువ్వు కీలం కొసకు అద్దాలి. ఉదయం పది గంటల లోపు చేయండి. నిలిచిన పువ్వు మూడు అరల కాయవుతుంది, ఎండి పగిలితే దానిమ్మ గింజల్లాంటి ఎర్రటి విత్తనాలు. రాత్రంతా నానబెట్టి ఇసుకలో వేస్తే వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. మొదటి ఏడు బఠాణీ గింజంత గడ్డ, పువ్వు చూడటానికి మూడు నాలుగేళ్లు. నాకు గడ్డలు సరిపోతున్నాయి కాబట్టి ఇప్పుడు కాయలన్నీ పచ్చిగా ఉన్నప్పుడే తుంచేస్తాను. అసలు కారణం ఆ ఎర్రటి గింజలు. మా మనవడికి నాలుగేళ్లు.

ఇక నా పాత ఉద్యోగం మాట్లాడుతుంది. ఈ మొక్క ఒంటినిండా కోల్చిసిన్ అనే పదార్థం ఉంటుంది, గడ్డలోనూ గింజలోనూ మరీ ఎక్కువ. కీళ్లలో యూరిక్ యాసిడ్ పేరుకుని బొటనవేలు వాచే గౌట్ జబ్బుకు డాక్టర్లు రాసే మాత్ర అదే. ఆ మాత్రలో ఉండేది అర మిల్లీగ్రాము. కౌంటర్ దగ్గర నేను ఆ మాత్రలు ఇచ్చేటప్పుడు ప్రతి ఒక్కరికీ రెండుసార్లు చెప్పేదాన్ని, తగ్గలేదని ఇంకొకటి వేసుకోవద్దని. మందుకూ విషానికీ మధ్య అంత సన్నటి గీత ఉన్న మందులు తక్కువ. అలాంటిది గడ్డలో ఎంత ఉందో ఎవరు తూచి చెబుతారు? కాబట్టి ఆకు పసరని, చిట్కా వైద్యమని ఎవరు చెప్పినా వినవద్దు. (గింజలేని పుచ్చకాయ తయారీలో మొక్క క్రోమోజోములను రెట్టింపు చేయడానికి వాడేది కూడా ఈ కోల్చిసినే. ఇది చెబితే మా వారు వారం రోజులు పుచ్చకాయ ముట్టలేదు. కాయలోకి విషం రాదని ఒప్పించడానికి నేనే ముందు తిని చూపించాల్సి వచ్చింది.)

గడ్డ చూడటానికి చిలగడదుంపలా, చిన్న పెండలంలా ఉంటుంది. పొరపాటున వండుకుని తిన్నవాళ్లు ఉన్నారు, ప్రాణాలు పోయినవాళ్లూ ఉన్నారు. ఇందులోని మోసం ఏమిటంటే తిన్న వెంటనే ఏమీ కాదు. కొన్ని గంటలు గడిచాక గొంతు మంట, వాంతులు, విరేచనాలు మొదలవుతాయి. చాలామంది తిండి పడలేదనుకుంటారు. ఎవరైనా, ముఖ్యంగా పిల్లలు, కొరికినట్టు అనుమానం వచ్చినా లక్షణాల కోసం ఎదురుచూడవద్దు. ఉప్పునీళ్లు తాగించి వాంతి చేయించవద్దు. 108కి ఫోన్ చేసి, మిగిలిన ముక్కను సంచిలో వేసుకుని వెంటనే ఆసుపత్రికి వెళ్లండి. ఇంట్లో పాకే పిల్లలున్నా, ఏది కనిపిస్తే అది కొరికే కుక్కపిల్ల ఉన్నా రెండు మూడేళ్లు ఆగి నాటుకోండి. మా మనవడు వచ్చినప్పుడు డాబా తలుపుకు తాళం పడుతుంది. తాళంచెవి నా మెడలో.

బతుకమ్మ రోజుల్లో ఇబ్బంది వస్తుంది. పూత అప్పటికి ఇంకా మిగిలి ఉంటుంది. కింది అంతస్తు అమ్మాయి నిరుడు పళ్లెం పట్టుకుని వచ్చింది. "ఆంటీ, తంగేడు దొరకలేదు, మీ డాబా మీద ఎర్రపూలు నాలుగు ఇవ్వండి, మధ్యలో పెడితే అదిరిపోతుంది." నిజమే, అదిరిపోతుంది. ఇవ్వలేదు. బతుకమ్మ చుట్టూ ఎందరు పిల్లలు, పూలు ఎన్ని చేతులు మారతాయి, చివరికి చెరువులో కలుస్తాయి. మా బంతిపూలన్నీ కోసి ఇచ్చాను. ఆ అమ్మాయి ముఖం చిన్నబోయింది కానీ, ఆమె కూతురే మర్నాడు నా దగ్గరికి వచ్చి పువ్వును దూరం నుంచి చూసి బొమ్మ గీసుకుని వెళ్లింది.

దీపావళి దాటాక ఆకులు పసుపుబారతాయి. కొత్తగా పెంచేవాళ్లు ఇక్కడే భయపడి నీళ్లు పెంచుతారు, ఎరువు వేస్తారు. అది జబ్బు కాదు, నిద్రకు సిద్ధపడటం. ఆకులోని బలమంతా కిందికి దిగి కొత్త గడ్డలో చేరుతోంది, పాత గడ్డ వడిలి తోలుగా మిగులుతుంది. నీళ్లు తగ్గించుకుంటూ వచ్చి నవంబరు చివరికి పూర్తిగా ఆపేయండి. తీగను పచ్చిగా ఉండగా కోయవద్దు. గడ్డిలా ఎండి, లాగితే దానంతట అది ఊడివచ్చేదాకా ఉంచండి. ఎండిన తీగను కాల్చకుండా, మేకలకు అందకుండా సంచిలో కట్టి పారేయాలి. పొగ కూడా మంచిది కాదని నా పట్టింపు.

ఆ తర్వాత రెండు దారులు. కుండీలోనే వదిలేయవచ్చు. వాన తగలకుండా, మే నెల ఎండకు డాబా కాలి కుండీ పెనం కాకుండా నీడకు జరిపి గంప బోర్లించండి. ప్రతి మూడో ఏడు మాత్రం తవ్వాలి, గడ్డలు ఒకదానినొకటి తోసుకుంటాయి. తవ్వడమంటే గునపం కాదు. కుండీని పక్కకు వాల్చి, మట్టిని చేత్తో విప్పుతూ పోవాలి. నేను డిసెంబరులో ఒక ఆదివారం పొద్దున్నే మొదలుపెడితే ఆరు కుండీలకు మధ్యాహ్నం అవుతుంది. మట్టి దులిపి, కడగకుండా, నీడలో వారం ఆరబెట్టి, పొడి ఇసుక నింపిన అట్టపెట్టెలో ఒకదానికొకటి తగలకుండా పడుకోబెడతాను. పెట్టె వంటింటికి దూరంగా, పడకగది అటక మీద. ఉల్లిపాయల బుట్ట పక్కన మాత్రం ఎప్పుడూ పెట్టవద్దు, పనిమనిషికి రెండూ దుంపలే.

ఒక్కో గడ్డనూ తూచి పుస్తకంలో రాసుకునే అలవాటు ఆసుపత్రి నుంచి వచ్చింది. నిరుడు డిసెంబరులో 19 గడ్డలు, అన్నిటికంటే పెద్దది 112 గ్రాములు. మొన విరిగినవి మూడు, అవి నా తొందరపాటు. నాలుగు గడ్డలు పక్కన పెట్టి కాగితంలో చుట్టాను. కింది అంతస్తు అమ్మాయి ఈసారి తనూ పెంచుతానంది. పొట్లం మీద బరువు, తేదీ, "మృగశిర దాకా విప్పవద్దు, తినేది కాదు" అని తెలుగులో, హిందీలో రాసి, కింద పుర్రె గుర్తు వేశాను. గుర్తు చూసి వాళ్ల అత్తగారు పొట్లాన్ని ఇంట్లోకి రానివ్వలేదట. ఇప్పుడది మా అటక మీదే ఉంది, జూన్ దాకా.